గుర్రాలకి పళ్ళు తోమిన రోజులు

పనీపాటా లేకుండా కూర్చున్నవాళ్ళని మా వైపు "ఏం చేస్తున్నావు, గుడ్డిగుర్రాలకి పళ్ళు తోముతున్నావా?" అని దెప్పుతారు. మా అమ్మ నన్ను రోజుకి ఒక్కసారైనా ఆ మాట అనకుండా ఉండేది కాదు. అమెరికా వచ్చిన రెండో ఏడు ఆవిడకి ఉత్తరం రాస్తూ, "అమ్మా, నీ వాక్కు ఫలించింది. నాకు గుర్రాల పళ్ళు చూసే ఉద్యోగం వచ్చింది" అన్నాను. ఆవిడ ఆ ఉత్తరం వీధి వీధంతా చదివి వినిపించిందట. ఆ తర్వాత జరిగింది మాత్రం ఆవిడకి రాయలేదు. నవ్వుకునేంత వరకే రాశాను.

అది 1979. మా ఆయన నెవాడాలో ఒక రాగి గనిలో ఇంజినీరు. ఆయన వెనకాలే నేనూ ఆ ఎడారికి వచ్చిపడ్డాను. ఎటు చూసినా బూడిదరంగు పొదలు, గాలి, దుమ్ము. కందిపప్పు కావాలంటే పక్క రాష్ట్రానికి డ్రైవ్ చేయాలి. తెలుగు మాట్లాడాలంటే మేమిద్దరమే, అదీ ఆయన షిఫ్టు దిగి వచ్చాక, ఒంట్లో ఓపిక మిగిలి ఉంటే. నేను తిరుపతిలో పశువైద్యం చదివాను. ఒంగోలు దగ్గర తాలూకా పశువుల ఆసుపత్రిలో నాలుగేళ్ళు పనిచేశాను. ఆడపిల్ల ఎద్దు నోట్లో చెయ్యి పెడుతుందా అని నవ్వినవాళ్ళే, తర్వాత సంతలో బేరం కుదిరే ముందు నన్ను పిలిపించుకుని పళ్ళు చూపించుకునేవాళ్ళు. ఇక్కడ ఆ డిగ్రీ చెల్లలేదు. మళ్ళీ పరీక్షలు రాయాలి, అప్పటిదాకా డాక్టర్ పక్కన సహాయకురాలిగా తప్ప పనిచేయడానికి లేదు. సరే, అదైనా చేద్దామనుకున్నాను. ఇంట్లో కూర్చుని గాలి చప్పుడు వింటుంటే పిచ్చెక్కేలా ఉండేది.

ఊరికి ఇరవై మైళ్ళ అవతల అడవిగుర్రాల దొడ్డి ఉండేది. కొండల్లో యజమాని లేకుండా తిరిగే ఈ గుర్రాలని ముస్టాంగ్‌లంటారు. ఒకప్పుడు ఎవడు పడితే వాడు వాటిని తరిమి పట్టి, కుక్కల తిండికి అమ్ముకునేవాడట. తర్వాత చట్టం వచ్చి అది ఆగింది. ఆగాక అవి పెరిగాయి. పెరిగాక ఆవులవాళ్ళకీ గుర్రాలకీ మేత దగ్గర, నీళ్ళ దగ్గర తగువు. అందుకని ప్రభుత్వం వాళ్ళు హెలికాప్టర్‌తో కొన్నిటిని లోయలోకి తోలించి, పట్టించి, ఆ దొడ్లో ఉంచేవాళ్ళు. పెంచుకుంటామని వచ్చిన జనానికి అక్కడి నుంచి ఇచ్చేవాళ్ళు.

దొడ్డి మేస్త్రి మెక్సికో మూలాలున్న మనిషి. ముస్టాంగ్ అన్న మాట ఎక్కడిదో నాకు మొదట చెప్పింది ఆయనే. అది వాళ్ళ తాతల భాషలో మాటట. తప్పిపోయి, ఎవరిదో తెలియకుండా తిరిగే పశువుని అలా అనేవాళ్ళట. నాకు నవ్వొచ్చింది. అడవి రాజసం, స్వేచ్ఛ అంటూ ఈ దేశంవాళ్ళు ఎంతో గొప్పగా చెప్పుకునే గుర్రానికి అసలు పేరు బందెలదొడ్డి పశువన్నమాట. ఎవరి చేలో పడితే వాళ్ళు తోలుకెళ్ళి కట్టేసే పశువు.

వాటి పుట్టుక కూడా అలాంటిదే. ఎప్పుడో యుగాల కిందట ఈ నేల మీద గుర్రాలుండి అంతరించిపోయాయట. మళ్ళీ స్పెయిన్‌వాళ్ళు ఓడల్లో తెచ్చేదాకా ఇక్కడ గుర్రమన్నది లేదు. వాళ్ళ దగ్గర నుంచి తప్పించుకున్నవి కొన్ని, ఇక్కడి ఆదివాసులు తోలుకెళ్ళినవి కొన్ని. తర్వాత సైన్యం వదిలేసినవి, కరువులో మేత వేయలేక రైతులు కళ్ళెం విప్పి తోలేసిన నాగలి గుర్రాలు, ఇలా వచ్చినవన్నీ వచ్చి కలిశాయి. ఒక జాతి అనడానికి లేదు, కలగూరగంప. ఎక్కడో ఒకదానిలో మాత్రం పాత స్పెయిన్ రక్తం బయటపడుతుంది. ఎండుగడ్డి రంగు ఒళ్ళు, మెడ నుంచి తోకదాకా వెన్ను మీద ఒక్కటే నల్లగీత, కాళ్ళకి అడ్డచారలు.

మనిషి పెంచిన గుర్రంలా నదురుగా ఉండవివి. పొట్టి. నేను పెద్ద పొడగరిని కాను, అయినా చాలావాటి వీపు నా గడ్డం దాటదు. తల పెద్దది, మెడ మొరటు. గిట్టలు మాత్రం రాయే. నాడా అక్కర్లేదు. నీళ్ళకోసం రోజంతా నడుస్తాయి, రెండు రోజులకోసారి తాగి బతుకుతాయి, చలికాలం కాలితో మంచు తవ్వి కింద ఉన్న గడ్డిపరకలు తింటాయి. క్యాలెండర్లలో మగగుర్రాన్ని కొండ మీద జూలు ఎగరేస్తూ నిలబెడతారు. నిజానికి మందని నడిపేది ఆడగుర్రం. నీళ్ళెక్కడున్నాయో, మంచు పడితే ఎటు దిగాలో దానికే తెలుసు. మగది వెనకాల ఉండి అదిలిస్తూ వస్తుంది. ఈ సంగతి చెబితే మా ఆయన "మనింట్లో లాగే" అన్నారు. నాకైతే దారీ తెలియదు, నీళ్ళెక్కడున్నాయో తెలియదు.

నా పని ఇది. గుర్రాన్ని ఇరుకు చట్రంలోకి తోలి తల కట్టేస్తారు. నేను పళ్ళు చూసి వయసు చెప్పాలి. మేస్త్రి రాసుకుంటాడు. తర్వాత మెడకి ఎడమపక్క వెంట్రుకలు గొరిగి, ద్రవ నైట్రోజన్‌లో ముంచిన ఇత్తడి ముద్ర వేస్తారు. మంట ఉండదు, వాసన ఉండదు. చలికి ఆ చోట రంగు చచ్చిపోయి, కొన్నాళ్ళకి తెల్లవెంట్రుకలు మొలుస్తాయి. ఆ ముద్రలో గీతలూ కోణాలూ ఉంటాయి. చదవడం వచ్చినవాళ్ళకి అందులో గుర్రం పుట్టిన సంవత్సరం కనిపిస్తుంది. ఆ సంవత్సరం ఎక్కడిదంటే, నేను చెప్పిన వయసు లోంచి వచ్చింది. నా నోటిమాట దాని మెడ మీద చచ్చేదాకా ఉంటుంది.

నా చెయ్యి వేగమని దొడ్లో పేరొచ్చింది. ఇంతకు ముందున్నవాడు ఒక్కో గుర్రంతో పెనుగులాడేవాడట. నేను మూతి పట్టి, బొటనవేలితో కింది పెదవి లాగి, చూసి, వదిలేసేదాన్ని. "పదమూడు." "ఆరు." "పదహారు." మేస్త్రి రాయలేక అవస్థపడేవాడు. "ఎక్కడ నేర్చుకున్నావమ్మా?" అని అడిగితే "ఒంగోలు సంతలో" అనేదాన్ని గర్వంగా. మా కాలేజీలో ఉన్నది ఒకటే గుర్రం. అది మా క్లాసు మొత్తానికీ నోరు తెరిచి తెరిచి విసిగిపోయింది, నా వంతు వచ్చేసరికి బెల్లు కొట్టారు. అయినా పుస్తకంలో అంతా చదివాను, బొమ్మలు గీశాను, మార్కులొచ్చాయి.

ముసలివని తేలినవాటిని వేరే దొడ్లో పెట్టేవాళ్ళు. పదేళ్ళు దాటిన అడవిగుర్రాన్ని మచ్చిక చేసుకునే ఓపిక ఎవరికుంటుంది? వాటినెవరూ తీసుకోరు. కొండల్లోకి తిరిగి వదలడానికి లేదు. అప్పట్లో ఆ దొడ్లో వాటికి ఒకటే దారి. మంగళవారం డాక్టర్ వచ్చేవాడు. డెబ్బై దగ్గరపడ్డ మనిషి, వేళ్ళు కీళ్ళనొప్పులతో వంకర్లు పోయాయి. కాగితం చూసి, గుర్రాన్ని చూసి, సంతకం పెట్టి, ఇంజెక్షన్ ఇచ్చేవాడు. మందు నింపి అందించేది నేను. "నీ కళ్ళు నా కళ్ళకంటే వయసులో చిన్నవి, నువ్వు చూశాక ఇంక నేను చూడక్కర్లేదు" అనేవాడు. అది మంచితనమే అనుకున్నాను. ఇంజెక్షన్ అయ్యాక ఆయన గుర్రం నుదురు మీద చెయ్యి పెట్టి కాసేపు నిలబడేవాడు. నేను సిరంజి కడుక్కోవడానికి వెళ్ళిపోయేదాన్ని.

ఇంటికొచ్చేసరికి ఒళ్ళు హూనమయ్యేది. తలలో దుమ్ము, గోళ్ళలో దుమ్ము, అన్నంలో దుమ్ము. గని మూసేస్తారని పుకార్లు. మా ఆయన ఉద్యోగం వేలాడుతోంది, నా పరీక్షలు ఇంకా అవలేదు. పుస్తకం తెరిస్తే అక్షరాల మధ్య నిద్రొచ్చేది. దేని మీదా కోపం కూడా రానంత అలసట అది. నాకు కోపం రాకపోవడమంటే మా ఇంట్లోవాళ్ళకి తెలుసు, ఒంట్లో బాగాలేనట్టే.

అలాంటప్పుడు, 1980 శీతాకాలం మొదట్లో, మా మామగారు వచ్చారు. ఆరునెలలు ఉందామని. ఆయన ఒంగోలు గిత్తలు పెంచిన మనిషి. సంతలో ఎద్దు నడక చూసి, అది ఏ ఊరి నీళ్ళు తాగిందో చెబుతారని పేరు. నెవాడా వచ్చాక ఆయనకి చూడటానికి ఏమీ లేకపోయింది. టీవీలో మాటలు అర్థం కావు. పొద్దున్నే వాకిట్లో కుర్చీ వేసుకుని, గాలికి దొర్లే ఎండుపొదలు చూస్తూ కూర్చునేవారు. పాపమనిపించి ఒక శనివారం నాతో దొడ్డికి తీసుకెళ్ళాను.

ఆయనకి ప్రాణం లేచొచ్చింది. కంచె పట్టుకుని ఒక్కో గుర్రాన్నీ కాలి నుంచి మీది దాకా చూశారు. మెడ మీది ముద్రలు చూసి అదేమిటని అడిగారు. చెప్పాను. "ఇదేం చోద్యమమ్మాయ్. మనం దేవుడి పేరు జెప్పి అచ్చోసి వదిలేస్తాం, ఆంబోతు దాని ఇష్టం వచ్చినకాడ తిరుగుద్ది. వీళ్ళు తిరిగేదాన్ని పట్టకొచ్చి అచ్చోస్తారా?" అన్నారు.

ఆ రోజు ముసలిదొడ్లో మూడు గుర్రాలున్నాయి. అందులో ఒకటి ఎండుగడ్డి రంగు ఆడగుర్రం. వెన్ను మీద నల్లగీత, ముంగాళ్ళకి చారలు. అంతకు ముందు వారమే నేను దానికి పదహారేళ్ళని చెప్పాను, ముద్ర వేశారు. కాలికి ముళ్ళతీగ గీసుకుని పుండయింది. మంగళవారం చచ్చేదానికి మందేమిటని మేస్త్రి అన్నా, నేను కట్టు మారుస్తూనే ఉన్నాను. ఆ రోజు కూడా దాన్ని చట్రంలోకి తోలించి, తల కట్టేయించి కట్టు మార్చాను, లేచాక మామగారికి నా విద్య చూపిద్దామనిపించింది. కోడలిగా ఆయన ముందు తలవంచుకుని తిరిగినదాన్ని, పశువుల విషయంలో మాత్రం ఆయన మెప్పు కావాలనుండేది నాకు.

"చూడండి మామయ్యగారూ, ముసలిది" అని మూతి పట్టి, కింది పెదవి లాగాను. కింది పళ్ళు అరిగి నున్నగా, చదునుగా ఉన్నాయి.

ఆయన వంగి చూశారు. తర్వాత నా చెయ్యి చూశారు. ఆయన మీసం కింద నవ్వు నాకు ఇప్పటికీ కనిపిస్తుంది. ఎగతాళి కాదు, ముద్దుగా ఆటపట్టించే నవ్వు.

"ఏందమ్మాయ్, ఎద్దు నోరు జూసినట్టు జూస్తన్నావు? దీనికి పైన గూడా ఉంటయ్యి గదా పళ్ళు. వాటి మాటేంది?"

ఎద్దుకి పైన ముందుపళ్ళు ఉండవు. చిగురే ఉంటుంది. ఎద్దు వయసు చూసేవాళ్ళెవరూ పై పెదవి ఎత్తరు, ఎత్తితే సంతలో నవ్వుతారు. నాలుగేళ్ళు వేలకొద్దీ నోళ్ళు చూసిన నా చేతికి కింది పెదవి ఒక్కటే తెలుసు. అమెరికా వచ్చినా, పశువు మారినా, చెయ్యి మారలేదు. ఏడాదిన్నరగా నేను గుర్రాల నోట్లో ఎద్దు పళ్ళు చూస్తున్నాను.

"ఆ కిందయ్యి గూడా, అరిగినయ్యని ముసలిదంటే ఎట్టా? మన ఇసక నేలల్లో మేసిన గొడ్లని చూళ్ళేదా నువ్వు? నాలుగేళ్ళకే నోరు బోద్ది. ఈడ అంతా ఇసకే గదమ్మాయ్" అన్నారాయన, ఇంకా నవ్వుతూనే.

గుర్రానికి పై వరసలో చివరి ముందుపంటి మీద, పదేళ్ళ వయసులో చిగురు దగ్గర సన్నని గాడి మొదలవుతుంది. ఇరవై ఏళ్ళకి పంటి చివరిదాకా దిగుతుంది. కింది పళ్ళు అబద్ధం చెప్పినా ఆ గాడి అంత తేలిగ్గా చెప్పదు. నేను పరీక్షలో బొమ్మ గీసి మరీ రాసిన జవాబు అది. పై పెదవి ఎత్తాను. గాడి లేదు. రెండోపక్క చూశాను. లేదు. ఎనిమిదేళ్ళుంటాయేమో ఆ గుర్రానికి. వయసులో ఉంది. మిగతా రెండిటినీ చట్రంలోకి తోలించి నోళ్ళు చూశాను. వాటికి గాడి సగానికి పైగా దిగింది, అవి నిజంగానే ముసలివి.

మామగారి నవ్వు ఆగిపోయింది. ముసలిదొడ్డి సంగతి పొద్దున నేనే ఆయనకి చెప్పాను, మంగళవారం సంగతీ చెప్పాను.

తిరిగొచ్చేటప్పుడు కారులో ఆయన రోడ్డు వైపే చూస్తూ, "మరి ఇంతకు ముందరియ్యో?" అన్నారు.

దొడ్డి వెనక, గుట్ట అవతల, వాటిని పూడ్చిన చోటు ఆయనకి తెలియదు. నాకు తెలుసు. ఆ పూడ్చినవాటిలో కొన్నిటి నోట్లో గాడి లేదేమో. కొన్ని ఆరేళ్ళవి, ఏడేళ్ళవి అయి ఉంటాయి. ఇసక తిని, ముళ్ళపొదలు కొరికి, రెండు రోజులకోసారి నీళ్ళు తాగి బతకడం తెలిసిన గుర్రాలు, నా బొటనవేలు తెలియక చచ్చిపోయాయి. ఇంటికెళ్ళాక స్నానాలగదిలో కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చాను.

మా ఆయనకి చెప్పాను. ఆయన చెడ్డ మనిషి కాదు, భయపడ్డ మనిషి. "ఇప్పుడు చెప్తే ఏమవుతుందోయ్? నీ ఎగ్జామ్ ఉంది. లైసెన్స్ బోర్డ్‌వాళ్ళకి తెలిస్తే? ఇక్కడ మైన్ క్లోజ్ అయితే మనకి నీ జాబ్ ఒక్కటే కదా. చచ్చినవి ఎలాగూ తిరిగి రావు. ఉన్నదాన్ని చూసుకో" అన్నారు. ఆ మాట ఆయన నోట వినాలనే చెప్పానేమో కూడా.

ఆదివారం పక్కింటావిడ దగ్గరికి వెళ్ళాను. ఆవిడ స్కూలు బస్సు నడిపేది. భర్త పోయాడు. ఊరి చివర వాళ్ళకి కాస్త పచ్చిక నేల, రెండు గుర్రాలు ఉండేవి. ఇంకోటి తీసుకుంటారా అని అడిగాను. "మెడ మీది ముద్రలో ఉన్న వయసు నమ్మకండి. అది తప్పు. నేనే తప్పు చెప్పాను" అన్నాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "నా డ్రైవింగ్ లైసెన్సు మీద నా బరువు కూడా తప్పేనమ్మా" అని, "డాక్టర్ ఇస్తానంటే తెచ్చుకుంటాను" అంది.

మంగళవారం వచ్చింది. డాక్టర్ కాగితాలు తీశాడు. ఆయన కలం తీసే లోపు, "ఈ గుర్రానికి వయసు తప్పు చెప్పాను, పై పళ్ళు చూడండి" అన్నాను.

ఆయన వంకర వేళ్ళతో పై పెదవి ఎత్తాడు. చూశాడు. ఆ పక్క చూశాడు. పెదవి వదిలేశాక కూడా గుర్రం వైపే చూస్తూ నిలబడ్డాడు. గుర్రం చెవులు వెనక్కి పెట్టి, ఇద్దర్నీ కరుద్దామా అన్నట్టు చూస్తోంది. ఆయన నా వైపు తిరిగాడు.

"ఈ ఒక్కటేనా?" అని అడిగాడు.

పరీక్ష, గని, మా ఆయన మొహం, గుట్ట అవతల తిరగవేసిన మట్టి, అన్నీ ఒక్కసారి నా ముందుకొచ్చాయి. "ఈ ఒక్కటే" అన్నాను.

ఆయన తల ఊపాడు. కాగితం మీద పదహారు కొట్టేసి ఎనిమిది రాసి, పక్కన తన పొడి అక్షరాలు వేశాడు. మెడ మీది ముద్ర మార్చడానికి లేదు. అది అలాగే పోయింది. సాయంత్రం పక్కింటావిడ ట్రక్కు వెనక బండి తగిలించుకుని వచ్చింది. ఆడగుర్రం ఎక్కనని మొండికేసింది. ముగ్గురం నెట్టాం. ఎక్కాక లోపల్నుంచి తలుపు మీద ఒక్క తన్ను తన్నింది, ఆ సొట్ట ఆ బండికి చివరిదాకా ఉండిపోయింది.

ఆ తర్వాత నేను ప్రతి గుర్రానికీ రెండు పెదవులూ చూశాను. నా వేగం సగానికి పడిపోయింది. మేస్త్రి, "ఏమైందమ్మా, ఒంగోలు మర్చిపోయావా?" అని వేళాకోళమాడేవాడు. డాక్టర్ మాత్రం ఏమీ అడగలేదు. కానీ ఆ మంగళవారం నుంచి, ఇంజెక్షన్‌కి ముందు ఆయన కూడా తనంతట తాను పై పెదవి ఎత్తి చూడటం మొదలుపెట్టాడు. నేను మందు నింపుతూ అది చూసేదాన్ని. మా ఇద్దరి మధ్యా ఆ సంగతి ఒక్కనాడూ రాలేదు. మామగారు కూడా ఆరునెలలూ ఉండి వెళ్ళారు, ఆ ప్రశ్న మళ్ళీ అడగలేదు. అడిగితే బాగుండేదని చాలాసార్లు అనుకున్నాను.

ఆ తర్వాత ఏడాది తిరిగేలోగా ఆరోగ్యంగా ఉన్న గుర్రాలని అలా చంపడం ఆపేశారని విన్నాను. అప్పటికి గని మూతపడి, మేం ఊరు వదిలేశాం. సన్నీవేల్‌లో మా ఆయనకి కంప్యూటర్ చిప్‌లు చేసేచోట ఉద్యోగం దొరికింది. నేను పరీక్షలు పాసై, కుక్కలకీ పిల్లులకీ వైద్యం చేసే క్లినిక్‌లో చేరాను. అపార్ట్‌మెంట్, రెండు కార్లు, ఇండియన్ స్టోర్‌లో కందిపప్పు. బాగానే ఉన్నామని అందరికీ రాసేవాళ్ళం. పెంపుడు కుక్కకి పళ్ళు శుభ్రం చేయించడానికి ఇక్కడ జనం అపాయింట్‌మెంట్ బుక్ చేసుకుని వస్తారు. అమ్మ అన్న మాట మళ్ళీ నిజమైంది. కుక్క పై పెదవి ఎత్తిన ప్రతిసారీ మాత్రం నా చెయ్యి ఒక్క క్షణం ఆగేది.

1988 వసంతంలో పక్కింటావిడ దగ్గర నుంచి ఉత్తరం వచ్చింది. కవరులో వాళ్ళ ఊరి పత్రిక ముక్క ఉంది. ఫొటోలో ఎండుగడ్డి రంగు గుర్రం. దాని కడుపు కింద, ఇంకా సరిగ్గా నిలబడటం రాని పిల్ల. పిల్లకి కూడా వెన్ను మీద నల్లగీత. ఇరవైనాలుగేళ్ళ ముస్టాంగ్ ఈనిందట. మెడ మీది ముద్ర చదవడం వచ్చినవాడెవడో లెక్క కట్టి చెప్పాడట. ఊరంతా వచ్చి చూసి వెళుతున్నారట. ఎడారి గుర్రపు గట్టిదనమే వేరని, అది అద్భుతమని పత్రికవాడు రాశాడు. "నేనెవరికీ ఏమీ చెప్పలేదు. జనం అద్భుతాన్ని ఇష్టపడుతున్నారు. చెప్పమంటావా?" అని ఆవిడ అడిగింది.

మా ఆయన ఫొటో చూసి సంబరపడ్డారు. "చూశావా, నువ్వు సేవ్ చేసిన గుర్రం!" అన్నారు. మామగారు రెండోసారి వచ్చి మా దగ్గరే ఉన్నారప్పుడు. కళ్ళజోడు పెట్టుకుని ఫొటో చాలాసేపు చూశారు. "పదహారేళ్ళకి ఈనటం ఏం వింత? మామూలే" అని తిరిగిచ్చేశారు.

మామూలే. ఆ మాట నన్ను కూర్చోనివ్వలేదు. ఇది బతికి, పచ్చిక తిని, పదహారేళ్ళ వయసులో ఈనడం మామూలయితే, గుట్ట అవతల ఉన్నవి కూడా ఈపాటికి ఎక్కడో ఇలాగే మామూలుగా ఈని ఉండేవి. ఈ గుర్రం ప్రాణంతో ఉండటం వల్లనే నా తప్పు ఎంతో నాకు తెలిసింది. అదే చచ్చిపోయి ఉంటే, అనుమానంతోనే బతికేసేదాన్ని.

ఆవిడకి, నిజం చెప్పేయండి అని రాశాను. డాక్టర్ చిరునామా కూడా ఆవిడే ఇచ్చింది. ఆయన ఉద్యోగం మానేసి కూతురి దగ్గర ఉంటున్నాడట. ఆయనకి రాయడానికి నాకు మూడు వారాలు పట్టింది. ఎన్నో కాగితాలు చింపాను. చివరికి పంపినదాంట్లో రెండు ముక్కలే ఉన్నాయి: "ఆ రోజు మీరు ఈ ఒక్కటేనా అని అడిగారు. కాదు."

జవాబు తొందరగానే వచ్చింది. కార్డు మీద వణికిన అక్షరాలు. "తెలుసు. ఆ మంగళవారమే తెలుసు. నువ్వు ఒక్కటే అనాలని కోరుకుంటూ అడిగాను. అన్నావు. సంతకాలన్నీ నావి."

నిలబడే చదువుకున్నాను. సోఫాలో కూర్చున్న మామగారు, "ఎవరమ్మాయ్, ఆ గుర్రాల డాక్టరా? ఏం రాశాడు?" అన్నారు.

"ఆయనకి అప్పుడే తెలుసంట మామయ్యగారూ."

"తెలిసి?" అన్నారాయన.

ఆ ఒక్క మాటే అని, నా మొహం వైపు చూస్తూ ఉండిపోయారు. ఎనిమిదేళ్ళ కిందట కారులో నన్ను చూడకుండా అడిగిన మనిషి. ఆయన అడుగుతున్నది డాక్టర్ గురించి ఒక్కటే కాదు, నాకు తెలుసు. తెలిసీ నేను కార్డు పర్సులో పెట్టుకుని, క్లినిక్‌కి టైమైందని చెప్పి, కారు తాళాలు తీసుకున్నాను.